బెంగళూరు వంటింట్లో కొంబుచా: కొత్తవాళ్లు చేసే తప్పులు, సామానుతో వచ్చే తంటాలు

ఇందిరానగర్‌లోనో కోరమంగళలోనో ఒక బ్రూపబ్‌కి, అంటే అక్కడే బీరు కాసి పోసే బారుకి వెళ్లి, అద్దాల వెనక మెరిసే స్టీలు ట్యాంకులు చూసి ఇంటికొచ్చాక, "ఇది మనమే చేసుకుంటే ఎలా ఉంటుంది" అని చాలామందికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ కర్ణాటకలో బీరు తయారు చేయాలంటే లైసెన్సు ఉండాలి. 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. అందుకే నేను కొంబుచా వైపు వచ్చాను. టీ డికాక్షన్‌లో చక్కెర కలిపి, తోడు వేసి పులియబెట్టే పానీయం ఇది. బీరు కాసేవాళ్లు పట్టించుకునే ఈస్టు, ఉష్ణోగ్రత, శుభ్రత, గ్యాసు, సీసాలు అన్నీ ఇందులోనూ ఉన్నాయి. తప్పులు కూడా చాలావరకు అవే.

మన ఇళ్లలో పులియబెట్టడం కొత్తేం కాదు. పాలలో తోడు, దోసెల పిండి, తరవాణి కుండ చూస్తూ పెరిగినవాళ్లం. అయినా కొంబుచా దగ్గర తడబడతాం. ఎందుకంటే పెరుగు తోడుకోకపోతే పొద్దున్నే తెలిసిపోతుంది. ఇది పది రోజులు పడుతుంది. మొదటి రోజు చేసిన తప్పు ఎనిమిదో రోజున బయటపడుతుంది.

పని మొదలుపెట్టే ముందు జాడీ లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఈస్టు చక్కెరను విడగొట్టి ఆల్కహాల్‌గా, గ్యాసుగా మారుస్తుంది. కొమగటైబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా గాలిలోని ఆక్సిజన్ తీసుకుని ఆ ఆల్కహాల్‌ని పులుపుగా, అంటే ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. పైన తేలే మందపాటి తెట్టును అల్లేది కూడా ఆ బ్యాక్టీరియానే. దాన్నే స్కోబీ అంటారు, కొందరు తల్లి అంటారు. పులుపు పెరిగే కొద్దీ బూజుకి, చెడ్డ క్రిములకి అందులో చోటుండదు. కాబట్టి జాడీకి కాపలా పులుపే. కింద చెప్పే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ కాపలాను ఆలస్యంగా రానిచ్చినవో, చక్కెర ఎటు పోతుందో లెక్క చూసుకోనివో.

ముందు సామాను

మూడు నుంచి ఐదు లీటర్లు పట్టే, చెయ్యి దూరేంత వెడల్పు మూతి ఉన్న గాజు జాడీ కావాలి. మూతి ఎందుకు వెడల్పుగా ఉండాలంటే, పులుపు చేసే బ్యాక్టీరియాకి గాలి తగలాలి. బీరు గురించి చదివి వచ్చినవాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు. బీరుకి గాలి తగలకూడదు కాబట్టి ఎయిర్‌లాక్, అంటే గ్యాసుని బయటికి వదులుతూ గాలిని లోపలికి రానివ్వని మూత, పెడతారు. అదే ఎయిర్‌లాక్ కొంబుచా జాడీకి బిగిస్తే ఈస్టు తన పని తాను చేసుకుపోతుంది, పులుపు మాత్రం రాదు. తెట్టు కట్టదు, వాసన సారా వైపు వెళ్తుంది. మొదటి దశలో మూత వద్దు, గుడ్డ చాలు.

ఆ గుడ్డ ఏదో కూడా ముఖ్యమే. పనీర్ వడకట్టే పల్చటి గుడ్డ కడితే అరటిపండ్ల మీద ముసిరే సన్న ఈగలు దాని రంధ్రాల్లోంచి దూరిపోతాయి. తెట్టు మీద గుడ్లు పెడతాయి, తర్వాత తెల్లటి పురుగులు కనిపిస్తాయి. అలాంటి జాడీని బాగు చేసే దారి లేదు, పారబోయాలి. నేత దగ్గరగా ఉన్న పాత పంచె గుడ్డని రెండు మడతలు వేసి, గట్టి రబ్బరు బ్యాండుతో బిగించండి. వర్షాకాలంలో ఈ ఈగలు మరీ ఎక్కువ. జాడీ పక్కన పండ్ల బుట్ట ఉంచొద్దు.

ఇంట్లో ఆవకాయ జాడీ ఖాళీగా ఉంది కదా, దాన్నే వాడదామని మా అమ్మ అంది. పులుపుకి పింగాణీ మంచిదని మనకి ఒక నమ్మకం. కానీ జాడీ మీద మెరిసే పూతని గ్లేజు అంటారు, కొన్ని గ్లేజుల్లో సీసం ఉంటుంది, కొంబుచా ఆమ్లం రోజుల తరబడి తగులుతూ ఉంటే ఆ సీసం కరిగి పానీయంలోకి దిగుతుంది. పింగాణీ కుండలో చేసిన కొంబుచా తాగి సీసం విషం ఎక్కిన సంఘటన గురించి 1998లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వచ్చింది. గ్లేజులో ఏముందో కంటితో చూసి చెప్పలేం, కాబట్టి జాడీలు ఆవకాయకే ఉండనివ్వండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలూ పనికిరావు. స్టీలు గిన్నెలో డికాక్షన్ కాచుకోవచ్చు, పులియబెట్టడం మాత్రం గాజులోనే.

కింద కొళాయి ఉన్న గాజు జాడీలు చూడటానికి బాగుంటాయి. వాటితో రెండు తంటాలు. ఒకటి, చవకరకం కొళాయికి పైన పూత మెరుస్తున్నా లోపల ఏదో లోహం ఉంటుంది, పులుపు దాన్ని తినేస్తుంది. రెండోది వాషరు. నా మొదటి జాడీకి రబ్బరు వాషరు ఒకటే ఇచ్చారు, అది బయటి వైపు వేసి ఉంది. ఎంత బిగించినా పొద్దుటికి అల్మారాలో జిగురు మరక. గాజు లోపలి వైపు ఒక సిలికాన్ వాషరు, బయటి వైపు ఒకటి వేశాక గానీ ఆగలేదు. గాజుకి చేసిన కన్నం అంచు గరుకుగా ఉంటే వాషరు కోసుకుపోతుంది, వేలితో కాకుండా గుడ్డతో తడిమి చూడండి. కొళాయి జాడీ కొంటే ముందు ఒక రాత్రంతా నీళ్లు నింపి, కింద పాత న్యూస్‌పేపర్ పరచి వదిలేయండి. పేపరు పొడిగా ఉంటేనే టీ పోయండి. రెండు మూడు విడతలకి ఈస్టు మడ్డి కొళాయికి అడ్డం పడుతుంది, విప్పి కడగాల్సిందే. కొత్తవాళ్లకి నా సలహా: కొళాయి లేని జాడీ కొనండి.

పులుపు కొలవడానికి పీహెచ్ కాగితాలు అమ్ముతారు. పీహెచ్ అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువని గుర్తుంచుకోండి. 1 నుంచి 14 దాకా ఒకే కాగితం మీద చూపించేవి ఇక్కడ దండగ, 3కి 4కి మధ్య తేడా వాటిలో తెలియదు. మనకి కావాల్సిందంతా ఆ మధ్యలోనే ఉంది. 2.5 నుంచి 4.5 వరకు విడిగా చూపించే సన్న శ్రేణి కాగితాలు తీసుకోండి. కాగితాన్ని జాడీలో ముంచకూడదు, చెంచాతో ఒక చుక్క తీసి వేయాలి. టీ రంగు కాగితానికి అంటి మోసం చేస్తుంది కాబట్టి పగటి వెలుతురులో చూడండి.

డిజిటల్ పీహెచ్ పెన్ను కొన్నవాళ్లు దాన్ని పెట్టెలోంచి తీసి నేరుగా టీలో ముంచి, వచ్చిన అంకెను నమ్మేస్తారు. దానితో పాటు 4.00, 6.86 అని రాసిన చిన్న పొడి ప్యాకెట్లు వస్తాయి. వాటిని ప్యాకెట్ మీద చెప్పినంత డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, ముందు పెన్నుని ఆ అంకెలకి సరిచేయాలి. పెన్ను కొనలో ఉన్న గాజు బుడ్డి ఎండిపోతే అంకె ఊగిసలాడుతుంది. అలాగని మామూలు నీళ్లలోనో ఆర్వో నీళ్లలోనో నానబెడితే ఇంకా పాడవుతుంది. దాని కోసం పొటాషియం క్లోరైడ్ ద్రావణం అమ్ముతారు, మూతలో నాలుగు చుక్కలు వేసి ఉంచితే చాలు.

బీరు కిట్లలో, ద్రవం ఎంత చిక్కగా ఉందో తేలి చూపించే హైడ్రోమీటరు వస్తుంది, అది ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. గ్యాసు బుడగలు దాన్ని పట్టుకుని పైకి లేపుతాయి, రీడింగు తప్పు చూపిస్తుంది. గ్యాసు పోయేదాకా తిప్పి చూసినా, ఇక్కడ ఆల్కహాల్ పుట్టి మళ్లీ పులుపుగా మారిపోతూ ఉంటుంది కాబట్టి ఆ అంకెల నుంచి ఆల్కహాల్ శాతం లెక్కకట్టలేం. ఆ డబ్బుతో గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు కొనుక్కోండి. చెంచాల కొలత వల్ల ఒక్కో విడత ఒక్కోలా వస్తుంది. చేపల తొట్టెలకి అంటించే థర్మామీటరు పట్టీ ఒకటి జాడీ మధ్యలో అంటిస్తే ఉష్ణోగ్రత సంగతి కూడా తేలిపోతుంది.

మొదటి అడుగు: డికాక్షన్

మూడు లీటర్ల విడతకి నా లెక్క ఇది:

- నీళ్లు 2.5 లీటర్లు
- తెల్ల చక్కెర 180 గ్రాములు
- ఏమీ కలపని నల్ల టీ పొడి లేదా ఆకు 15 గ్రాములు
- పాత కొంబుచా, అంటే తోడు, 500 మి.లీ.
- ఒక స్కోబీ

నీళ్ల దగ్గర బెంగళూరుకి ప్రత్యేకంగా రెండు సమస్యలు. కావేరి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. తొరెకాడనహళ్లిలో శుద్ధి అయి దాదాపు వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చే నీళ్లవి, క్లోరిన్ లేకుండా కుదరదు. పది పదిహేను నిమిషాలు మూత లేకుండా మరిగిస్తే అది ఎగిరిపోతుంది. రెండోది బోరు నీళ్లు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్టుమెంట్లలో ట్యాంకరు నీళ్లే ఎక్కువ, కొళాయిలకి తెల్లటి పొక్కు కట్టడం చూసే ఉంటారు. ఆ తెలుపుకి కారణమైన బైకార్బొనేట్లు పులుపుని మింగేస్తాయి. తోడు సరిగ్గా వేసినా పీహెచ్ దిగదు, దిగేలోపు బూజుకి సమయం దొరుకుతుంది. బోరు నీళ్లున్న ఇంట్లో ఆర్వో నీళ్లే వాడండి. సాఫ్ట్‌నర్ మిషన్‌లోంచి వచ్చిన నీళ్లు వద్దు, అందులో సోడియం ఉంటుంది.

ఒక లీటరు నీళ్లు మరిగించి, దించి, టీ వేసి పది నిమిషాలు మూత పెట్టండి. వడకట్టి వేడి మీదే చక్కెర కరిగించండి. మిగతా లీటరున్నర కాచి చల్లార్చిన నీళ్లు కలపండి. ఇలా చేస్తే మొత్తం చల్లారేదాకా మూడు గంటలు కాచుకుని కూర్చోనక్కర్లేదు. వేడి డికాక్షన్‌ని తిన్నగా గాజు జాడీలో పోస్తే జాడీ అడుగు చుట్టూ గాజు చిట్లుతుంది. గిన్నె 30 డిగ్రీల లోపు చల్లారాకే పోయాలి. పాలకి తోడు వేసేముందు వేలు ముంచి చూస్తామే, అక్కడైతే గోరువెచ్చగా ఉండాలి. ఇక్కడ వేలికి వేడే తెలియకూడదు.

మసాలా టీ, ఏలకుల టీ, బెర్గమాట్ వాసన కలిపిన టీలు వాడొద్దు. వాటిలోని నూనెలు తెట్టుని బలహీనం చేస్తాయి. గ్రీన్ టీ పర్వాలేదు. బెల్లం ఆరోగ్యమని మొదటి విడతలోనే బెల్లం వేసేవాళ్లున్నారు. బెల్లంలో ఖనిజాలు ఒక్కో దిమ్మకి ఒక్కోలా ఉంటాయి, రుచి ఎటు పోతుందో చెప్పలేం. చేయి తిరిగాక వేరే చిన్న జాడీలో చేసి చూసుకోండి. కేలరీలు లేని తీపి బిళ్లలతో అసలు పులవదు, ఈస్టుకి అందులో తిండి లేదు.

రెండో అడుగు: తోడు

నన్ను అడిగితే అన్నిటికన్నా పెద్ద తప్పు ఇక్కడే. కొత్తవాళ్ల కళ్లన్నీ ఆ గుండ్రటి స్కోబీ మీదే ఉంటాయి. ఎవరి దగ్గరనుంచైనా తెచ్చుకునేటప్పుడు స్కోబీని కవర్లో వేసుకుని, దానితో ఉన్న పులుపు నీళ్లని అక్కడే వదిలేసి వస్తారు. పని చేసేది ఆ నీళ్లు. స్కోబీ లేకుండా తోడు ఒక్కటే వేసినా పది రోజుల్లో కొత్త తెట్టు కడుతుంది. తోడు లేకుండా స్కోబీ ఒక్కటే వేస్తే బూజు కడుతుంది.

కొరియర్‌లో వచ్చే ప్యాకెట్లలో స్కోబీతో పాటు నాలుగు చెంచాల నీళ్లే ఉంటాయి. దాన్ని మూడు లీటర్లలో వేయొద్దు. ముందు అర లీటరు డికాక్షన్‌లో వేసి రెండు వారాలు బాగా పులవనివ్వండి, అదే మీ తోడు అవుతుంది. తర్వాత పెద్ద జాడీకి వెళ్లండి.

తోడు కలిపాక, స్కోబీ వేసే ముందు, పీహెచ్ చూడండి. 4.5 కన్నా తక్కువ ఉండాలి, 4.2 దగ్గరుంటే నిశ్చింత. ఎక్కువుంటే ఇంకొంచెం తోడు పోయండి. తోడు లేకపోతే మామూలు తెల్ల వెనిగర్ ఒక్కో చెంచా వేస్తూ దించుకోవచ్చు. వెనిగర్ మొదటి రోజుని గట్టెక్కిస్తుంది, అంతే. అందులో ప్రాణమున్న బ్యాక్టీరియా ఉండదు కాబట్టి తోడుకి బదులు కాదు.

తోడుని జాడీ పైభాగం నుంచి తీసి పక్కన పెట్టుకోవాలి. అడుగున మిగిలిన మడ్డి నీళ్లని తోడుగా వాడితే ప్రతి విడతలో ఈస్టు పెరిగిపోతుంది, పులుపు తగ్గిపోతుంది. నాలుగైదు విడతలయ్యాక "మొదట్లో బాగుండేది, ఇప్పుడు కల్లు వాసన వస్తోంది" అనేవాళ్లలో చాలామంది చేస్తున్నది ఇదే.

మూడో అడుగు: వేచి ఉండటం

జాడీకి 24 నుంచి 28 డిగ్రీలు బాగా నప్పుతాయి. బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంట్లో అలాగే ఉంటుంది, చెన్నైలో ఉండే మా అక్కకి ఈ అదృష్టం లేదు. అక్కడ మే నెలలో ఐదో రోజుకే వెనిగర్ అయిపోతుంది. మనకి ఇబ్బంది డిసెంబరు, జనవరిలో. రాత్రి 15, 16 డిగ్రీలకి దిగితే బ్యాక్టీరియా మందగిస్తుంది, పులుపు పెరగదు, బూజు ముందొస్తుంది. ఆ రెండు నెలలు తోడు 500 బదులు 600 మి.లీ. పోయండి, జాడీ పక్కలకి తువ్వాలు చుట్టండి, వంటింటి పై అరలో పెట్టండి. వేడి చాప వాడేవాళ్లు దాన్ని జాడీ కింద కాకుండా పక్కకి చుట్టాలి. కింద నుంచి వేడి తగిలితే అడుగున ఉన్న ఈస్టు రెచ్చిపోతుంది. పొయ్యి పక్కన మాత్రం వద్దు. తాలింపు ఆవిరి, నూనె జిడ్డు గుడ్డ మీద పేరుకుంటాయి. దేవుడి గూటి పక్కన పెడితే అగరుబత్తి పొగ తగులుతుంది. నేరుగా ఎండ పడకూడదు.

మూడో రోజుకో నాలుగో రోజుకో పైన ఏదో కనిపిస్తుంది, అక్కడినుంచి అసలు భయం మొదలవుతుంది. బూజా, తెట్టా? ఫోను టార్చి వేసి పక్కనుంచి చూడండి. కొత్త తెట్టు తడిగా, పల్చగా, గంజి ఆరినప్పుడు కట్టే పొరలా ఉంటుంది, వెలుతురు దాని గుండా వెళ్తుంది. మచ్చలు మచ్చలుగా మొదలై ఒకదానితో ఒకటి కలుస్తాయి. దాని కింద వేలాడే గోధుమరంగు పోగులు ఈస్టు, అవి మామూలే. బూజు అలా కాదు. పొడిగా ఉంటుంది, పైకి లేచి ఉంటుంది, పాత రొట్టె మీద చూసే నూగులా ఉంటుంది. తెలుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, ఏ రంగైనా కావచ్చు, గుండ్రటి చుక్కగా మొదలవుతుంది. ఎప్పుడూ పైభాగంలోనే వస్తుంది, ద్రవం లోపల ఉన్న గోధుమరంగు ముద్ద బూజు కాదు.

బూజే అయితే పైపైన తీసేసి మిగతాది ఉంచుకోవడానికి వీల్లేదు. ఆవకాయ మీద బూజుని గరిటెతో తీసేసి కింద ఉన్నది తినేవాళ్లని చూశాం, ఆ అలవాటు ఇక్కడ తేవద్దు. టీ, స్కోబీ, గుడ్డ అన్నీ పారేసి, జాడీని ముందు గోరువెచ్చటి నీళ్లతో, తర్వాత వేడినీళ్లతో కడిగి, వేరే చోటినుంచి తోడు తెచ్చుకోవాలి. ఒక జనవరిలో నా రెండు జాడీలకీ ఒకేసారి బూజు పట్టింది. రెండు స్కోబీలని చెత్తలో వేయడం బాధ అనిపించింది. అందుకే ఇప్పుడు ఎప్పుడూ ఒక చిన్న సీసాలో తోడు విడిగా ఉంచుతాను.

ముడతలు ముడతలుగా, పొడి చల్లినట్టు తెల్లటి పల్చటి పొర కడితే అది వేరే రకం ఈస్టు. ప్రమాదం లేదు కానీ రుచి చెడుతుంది, పులుపు తక్కువైందని దాని అర్థం. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తే వేడి ఎక్కువైంది.

ఆరో రోజు నుంచి స్ట్రాతో తీసి రుచి చూడండి. స్కోబీని పక్కకి మెల్లగా నొక్కి స్ట్రా దించాలి. ఒకసారి నోట్లో పెట్టిన స్ట్రా మళ్లీ జాడీలోకి వెళ్లకూడదు, ఊరగాయలో తడి గరిటె పెట్టనట్టే. తీపి, పులుపు సమానంగా అనిపిస్తే పీహెచ్ 3 చుట్టుపక్కల ఉంటుంది. 2.5 కన్నా దిగితే తాగడానికి వద్దు, తోడుగా ఉంచుకోండి.

నాలుగో అడుగు: సీసాలు

ఇక్కడ తప్పు జరిగితే గాయాలవుతాయి, కాబట్టి నెమ్మదిగా చదవండి.

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో, లీటరు కొంబుచాకి 150 మి.లీ. మామిడి గుజ్జు కలిపి, అలంకరణ సామాన్ల కొట్టులో కొన్న పలకల సీసాల్లో పోసి, వంటింటి అటక మీద పెట్టాను. రెండో రోజు రాత్రి రెండు గంటలకి పేలుడు వినిపించింది. లైటు వేసి చూస్తే గోడ మీద పసుపు ధారలు, ఒక గాజు ముక్క బియ్యం డబ్బా ప్లాస్టిక్ మూతలోకి నిలువునా దిగి ఉంది. ఊరినుంచి వచ్చిన అమ్మ పక్క గదిలోనే పడుకుంది. పది నిమిషాల ముందు మంచినీళ్లకి అదే వంటింట్లోకి వచ్చి వెళ్లింది. మిగతా మూడు సీసాలని ముట్టుకోవడానికి ధైర్యం చాలక, పైన దుప్పటి కప్పి, తలుపు వేసి, తెల్లారేదాకా కూర్చున్నాను.

తర్వాత లెక్క వేసుకున్నాను, అది ముందే వేయాల్సింది. ఈస్టు ఒక గ్రాము చక్కెర తింటే దాదాపు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మూత బిగించిన సీసాలో లీటరుకి 4 గ్రాముల చక్కెర పులిస్తే ఆ ద్రవమంత ఘనపరిమాణం గ్యాసు అందులో కరుగుతుంది, దాన్ని ఒక వాల్యూమ్ అంటారు. మామూలు బీరులో రెండున్నర వాల్యూమ్‌ల వరకు, సోడాలో మూడున్నర నాలుగు ఉంటాయి. మామిడిపండులో వంద గ్రాములకి 14 గ్రాముల చక్కెర ఉంటుంది. నేను వేసిన 150 మి.లీ. గుజ్జులో 21 గ్రాములు. అదంతా పులిస్తే దాదాపు నాలుగున్నర వాల్యూమ్‌లు అవుతుంది. దానికి తోడు కొంబుచాలో అప్పటికే మిగిలున్న చక్కెర. పలకల సీసా మూలల దగ్గర గాజు బలహీనంగా ఉంటుంది, ఆగలేదు.

గ్యాసుతో పాటు ఆల్కహాల్ సంగతి కూడా ఉంది. మూత బిగించాక గాలి అందదు కాబట్టి బ్యాక్టీరియా ఆల్కహాల్‌ని పులుపుగా మార్చలేదు, పుట్టింది పుట్టినట్టే ఉండిపోతుంది. లీటరుకి 14 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు 0.9 శాతం ఆల్కహాల్. మన ఆహార భద్రతా నియమాల్లో 0.5 శాతం దాటితే అది మద్య పానీయం కిందికి వస్తుంది. బీరు వద్దనుకుని మొదలుపెట్టిన పని తెలియకుండానే అటు వెళ్లకుండా ఉండాలంటే పండ్ల రసం తగ్గించాలి, ఫ్రిజ్‌లోకి త్వరగా మార్చాలి.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి: లీటరుకి 30 మి.లీ. రసం, అంతకు మించి లేదు. గుజ్జు, ముక్కలు వేయను, వడకట్టిన రసమే. ముక్కల చుట్టూ బుడగలు చేరి మూత తీయగానే సగం సీసా నురుగుగా బయటికి వస్తుంది. హాప్‌కామ్స్ అనే రైతు సహకార సంఘం పండ్ల కొట్లలో ఫిబ్రవరి, మార్చిలో దొరికే బెంగళూరు బ్లూ ద్రాక్ష రసం దీనికి అద్భుతంగా కుదురుతుంది, రంగు, వాసన రెండూ ఇస్తుంది. అల్లం అయితే దంచి పిండిన రసం ఒక చెంచా చాలు.

సీసాలు గుండ్రంగా, బరువుగా ఉండాలి, ఒత్తిడి తట్టుకునేలా చేసినవని అమ్మేవాడు స్పష్టంగా చెప్పాలి. తీగ క్లిప్పుతో మూసే సీసాలన్నీ ఒకటి కావు. నూనె పోసుకోవడానికి చేసినవీ అలాగే కనిపిస్తాయి, ఎత్తి చూస్తే బరువులో తేడా తెలుస్తుంది. గీత పడ్డ సీసా, మూతి పెచ్చు లేచిన సీసా వాడొద్దు. మెడ దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ వదలండి.

ప్రతి విడతలో ఒక సీసా మాత్రం ప్లాస్టిక్‌ది, ఖాళీ అయిన సోడా సీసా, నింపండి. గాజు లోపల ఒత్తిడి ఎంతుందో చేత్తో చూడలేం. ప్లాస్టిక్ సీసాని నొక్కితే తెలుస్తుంది. అది కొట్టులో కొన్న కొత్త సోడా సీసాలా గట్టిపడగానే గాజు సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఎండాకాలంలో దీనికి ఒక రోజు చాలు, చలికాలంలో మూడు నాలుగు పడుతుంది. తారీఖు చూసి కాకుండా ఆ సీసాని నొక్కి నిర్ణయించండి. ఊరెళ్తూ బయట సీసాలు వదిలి వెళ్లొద్దు. ఫ్రిజ్‌కి వెళ్లేదాకా వాటిని మూత ఉన్న ఐస్ బాక్సులోనో మందపాటి ప్లాస్టిక్ క్రేట్‌లో పైన దుప్పటి కప్పో ఉంచండి, అటక మీద కాదు. తీసేటప్పుడు సీసా బాగా చల్లగా ఉండాలి, మూత మీద గుడ్డ వేసి, సింకులో, మొహానికి దూరంగా తీయాలి.

గ్యాసే రాకపోతే ముందు వాషరుని అనుమానించండి. నీళ్లు నింపి మూసి, తలకిందులుగా ఒక రాత్రి ఉంచితే కారుతుందో లేదో తెలుస్తుంది. రబ్బరు వాషరు కొన్ని నెలలకి గట్టిపడి పగులుతుంది, విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. వాషరు బాగుండీ గ్యాసు రాలేదంటే సీసాలో ఈస్టు తక్కువైంది. నింపే ముందు జాడీని శుభ్రమైన స్టీలు గరిటెతో ఒకసారి కలపండి.

కడగడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సబ్బు వాసన మిగలకుండా కడిగి, మరీ వేడిగా కాకుండా వేడినీళ్లు తిప్పి, ఎండలో బోర్లించి ఆరబెట్టండి. సీసా వేడి తట్టుకోవాలంటే ముందు గోరువెచ్చటి నీళ్లు, తర్వాత వేడివి.

తాగేవాళ్ల సంగతి

మొదటి వారం రోజుకి 100 మి.లీ. మించొద్దు. 1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కొంబుచా తాగే ఇద్దరు మహిళలు తీవ్రంగా జబ్బుపడి, ఒకరు చనిపోయారు. కొంబుచానే కారణమని తేలలేదు, కానీ అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ దాన్ని నమోదు చేసి హెచ్చరించింది. గర్భిణులు, చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు, కాలేయ, మూత్రపిండ సమస్యలున్నవాళ్లు ఇంట్లో చేసిన దానికి దూరంగా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లకి "చక్కెరంతా పులిసిపోయింది" అని ఇవ్వొద్దు, పది రోజుల జాడీలో ఇంకా చాలా చక్కెర ఉంటుంది. మద్యం ముట్టనివాళ్లకి ఇచ్చేటప్పుడు ఇందులో కొద్దిపాటి ఆల్కహాల్ ఉంటుందని ముందే చెప్పండి. మా ఇంటికి వచ్చే పెద్దవాళ్లకి నేను చెప్పే ఇస్తాను. కొందరు వద్దంటారు, అప్పుడు మజ్జిగ ఇస్తాను.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు

రెండు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్తే జాడీ ఏమవుతుందని చాలామంది కంగారు పడి స్కోబీని ఫ్రిజ్‌లో పెడతారు. వద్దు. చల్లదనానికి బ్యాక్టీరియా నిద్రలోకి జారుకుంటుంది, తిరిగొచ్చి కొత్త విడత వేస్తే పులుపు ఆలస్యమై బూజు పడుతుంది. దానికి బదులు, బయల్దేరే రోజు కొత్త డికాక్షన్ వేసి, తోడు మామూలుకన్నా ఎక్కువ పోసి, గుడ్డ కట్టి, గది ఉష్ణోగ్రతలోనే వదిలేయండి. వచ్చేసరికి తాగలేనంత పుల్లగా ఉంటుంది. అదే మీ తర్వాతి మూడు విడతలకి తోడు.

ఊళ్లో ఎవరికైనా తోడు తీసుకెళ్లాలంటే, రాత్రంతా బస్సులో కదులుతూ వెళ్తుంది కాబట్టి గాజు వద్దు. అర లీటరు ప్లాస్టిక్ సీసాలో మూడొంతులే నింపి, మూత ఒక చుట్టు వదులుగా ఉంచి, నిలబెట్టి, కింద కవరు వేసి తీసుకెళ్లండి. స్కోబీ ముక్క వేయకపోయినా పర్వాలేదు, నీళ్లు మాత్రం తగ్గించొద్దు. చేరగానే మూత తీసి గుడ్డ కట్టమని చెప్పండి.